సీమనూనెలో ఉప్పు

ఉప్పు వేసింది నేనే. మా ఆయన కాదు, మునిలక్ష్మమ్మ కాదు, ఎవరో గిట్టనివాళ్లు పంపిన మనుషులూ కాదు. ఇన్నేళ్ల తర్వాత కూడా పుంగనూరు బస్టాండులో ఎవరో ఒకరు ఆ సంగతిని తలాతోకా లేకుండా చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏడు డ్రమ్ములకు ఏడు గుప్పిళ్ల కల్లుప్పు. మా వంటింటి జాడీలోది. చెప్పేవాళ్లు ఆ మాత్రమైనా సరిగ్గా చెప్పొద్దా?

నా పేరు సుగ్రా. మా ఆయన హనీఫ్‌కు పుంగనూరులో పెట్రోమాక్స్ లైట్ల అంగడి ఉండేది. పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ లైట్లు బాడుగకిచ్చేవాడు, చెడిపోయినవి బాగుచేసేవాడు. సీమనూనె, అంటే మీరు కిరసనాయిలు అంటారే అదే, ఆయనకు నాకన్నా బాగా తెలుసు. డబ్బా మూత తీసి ఒక్కసారి వాసన చూసి, ఇందులో నీళ్లు కలిశాయని చెప్పేసేవాడు. ఊళ్లోకి కరెంటు బాగా వచ్చేసరికి లైట్లు అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఇక ఏం తినాలిరా దేవుడా అనుకుంటున్న రోజుల్లో, డెబ్బై ఎనిమిదిలో, మాకు ఆకాశం నుంచి పని వచ్చింది.

కుప్పంలో గంగులప్ప అని గ్రానైటు వ్యాపారి. రాయి కొనడానికి ఇతర దేశాల నుంచి మనుషులు మద్రాసులోనో బెంగుళూరులోనో దిగితే, వాళ్లను తెచ్చి చూపించడానికి ఆయనొక చిన్న జెట్ విమానం కొన్నాడు. పాతదే. నలుగురు పట్టేది. కుప్పం చుట్టూ గుట్టలు కాబట్టి అక్కడ దిగే చోటు లేదు. మదనపల్లెకూ పుంగనూరుకూ మధ్య ఎప్పుడో చదును చేసి వదిలేసిన మైదానం ఉంటే, దాన్ని గుత్తకు తీసుకుని తారు పోయించాడు. వచ్చినవాళ్లు అక్కడ దిగి, కారులో కుప్పం పోయేవాళ్లు.

విమానం నడిపే ఆయన జయరత్నం సారు. మదనపల్లె మిషన్ కాంపౌండు మనిషి. ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏళ్లు నడిపి, రిటైరై వచ్చి, రెండేళ్లు ఇంట్లో ఊరికే కూర్చున్నాడట. ఆ రెండేళ్లూ నేల మీద నడవడం కొత్తగా నేర్చుకుంటున్నవాడిలా ఉండేవాడని ఆయన భార్య సారా నాతో చెప్పింది. గుమ్మం తగిలి పడేవాడట. గంగులప్ప పిలిచిన రోజు మాత్రం సైకిలు కూడా ఎక్కకుండా పరిగెత్తుకుంటూ పోయాడట.

హనీఫ్‌కు నూనె పని. బెంగుళూరు నుంచి లారీలో వచ్చే డ్రమ్ములను షెడ్డులో దించి, విమానంలో పోసే ముందు మెత్తటి మేకతోలులో వడగట్టాలి. ఆ తోలు నూనెను దిగనిస్తుంది, నీళ్లను, నలుసులను పట్టేస్తుంది. నాకూ మా వీధి మునిలక్ష్మమ్మకూ చీపురు పని. ఆ విమానం నోరు పెద్దది, దారిలో ఒక్క గులకరాయి ఉన్నా లోపలికి పీల్చుకుంటుందట. అందుకని మేమిద్దరం తెల్లవారగానే ఆ పొడుగాటి తారు బాటను ఒక కొస నుంచి ఇంకో కొసకు ఊడ్చేవాళ్లం. ఊడ్చి ఊడ్చి తల ఎత్తితే ఎదురుగా ఏమీ ఉండదు, బాట చివర ఆకాశమే. ఇంకొంచెం ఊడిస్తే అందులోకి పోతామేమో అనిపించేది.

మొదటి వారంలోనే నేను సారును అడిగాను.

"సార్, ఇది సీమనూనెతోనే ఎగరతాదంట, నిజమా?"

"నిజమేనమ్మా. బాగా శుభ్రం చేసిన సీమనూనె."

"అయితే ఇది పెట్రోమాక్సా, బుడ్డీనా?"

నేను తెలిసే అడిగాను. లైట్లంగడి ఆడదాన్ని, నాకు తెలియదా? పెట్రోమాక్స్‌కు గాలి కొట్టాలి, సన్నటి పిన్నుంటుంది, దాని మర్యాద వేరు. బుడ్డీదీపానికి అంత లేదు, నూనె పోసి వత్తి వెలిగించడమే. సారు విమానం పొట్ట మీద చెయ్యేసి నవ్వాడు.

"బుడ్డీనేనమ్మా. పెద్ద బుడ్డి. ముందర గాలి తాగతాది, ఎనక మంట కక్కతాది. అంతే."

ఆ మాట నేను మనసులో పెట్టుకున్నాను. అప్పటి నుంచి దాని పేరే బుడ్డి అయిపోయింది. పొద్దున్నే మునిలక్ష్మమ్మ "బుడ్డి లేసిందా?" అని అడిగేది. దూరం నుంచి దాని చప్పుడు వినపడితే చేలల్లో వాళ్లు కూడా "బుడ్డి వస్తాండాది" అనేవాళ్లు.

ఎనభై వచ్చేసరికి నూనె ధర మండిపోయింది. ఏ దేశంలోనో గొడవలట, మన రేషను అంగట్లో క్యూ. మా వీధిలో ఇంటికి నెలకు మూడు లీటర్లు దొరికితే పండగే, ఈ బుడ్డి మాత్రం మద్రాసు పోయి వస్తే రెండు డ్రమ్ములు తాగేసేది. ఆ డిసెంబరులో గంగులప్ప షెడ్డు ముందు నిలబడి, డ్రమ్ములను చూపించి, సారుతో ఒకటే మాట చెప్పాడు.

"ఇవి పన్నెండు ఉండాయప్పా. ఉగాది దాకా వీటితో గడిపితే ఇమానం ఉంటాది. మధ్యలో ఇంకొక్క డ్రమ్ము అడిగితివా, బొంబాయోళ్లు అడగతాండారు, ఇచ్చేస్తా. నాకు మాత్రం ఇష్టమా? నిన్న మా అమ్మతో చెప్పొచ్చినా, ఇంక మన ఇంటి మీద ఒక చుట్టు చుట్టి వచ్చేది లేదులే అని."

ఆ చుట్టు సంగతి మాకందరికీ తెలుసు. బెంగుళూరు నుంచి వచ్చేటప్పుడు గంగులప్ప దారి తప్పించి కుప్పం మీద ఒక చుట్టు తిప్పించేవాడు. కింద వాళ్లమ్మ రామలక్ష్మమ్మ మిద్దెక్కి కొంగు ఊపేది. దానికి నూనె దండగే. యజమానే అది మానుకున్నాక మేం ఏం మానుకోలేం?

ఆ రెండు నెలలూ నా బతుకులో మంచి రోజులు. బరువు తగ్గితే నూనె తగ్గుతుందని సారు వెనక సీట్లలో ఒకటి పీకేశాడు. కింద పరిచిన తివాచీ తీసేశాడు, చాక్లెట్ల డబ్బా తీసేశాడు. ఆఖరికి తనే రాత్రి భోజనం మానేశాడు. "మనిషి సగమైపోతాండాడు సుగ్రమ్మా, నువ్వైనా చెప్పు" అని సారా మొత్తుకునేది. ఇంజిన్ వేసుకుని బాట చివరిదాకా పోవడం దండగ అని మేం ఎనిమిదిమందిమి బుడ్డిని చేతులతో తోసుకుంటూ పోయేవాళ్లం. తెల్లవారుజామున మంచులో, చల్లటి రెక్క కింద భుజం ఆనించి తోస్తుంటే, అది కళ్లు తెరవని ప్రాణిలాగా మాతో మెల్లగా వచ్చేది.

దిగేటప్పుడు ఇంకో కిటుకు పెట్టాడు సారు. వెనక్కి వచ్చేటప్పుడు పలమనేరు చేరకముందే చాలా ఎత్తు నుంచి ఇంజిన్‌ను నోరు మూయించి, ఆ ఎత్తంతా వాడుకుంటూ జారి వచ్చేవాడు. అంతకుముందు బుడ్డి వస్తుంటే చెవులు మూసుకునేవాళ్లం. ఇప్పుడు చప్పుడే లేదు. నేను చీపురు పట్టుకుని తలెత్తి చూస్తూ ఉంటే, మబ్బుల మధ్య తెల్లగా కనిపించేది, ఎండలో ఒకసారి మెరిసేది, గాలి జోలలాగా సన్నగా వినిపించేది. అది వస్తోందో, నేనే కలగంటున్నానో తెలిసేది కాదు. చక్రాలు తారును తాకి కీచుమన్నాకే ఊపిరి తీసుకునేదాన్ని.

జనవరి అయిపోతుండగా ఒక సాయంత్రం సారు షెడ్డులో డ్రమ్ములను తట్టి చూసుకుంటున్నాడు. నేను చీపురు మూల పెట్టడానికి పోయాను.

"ఏడు ఉండాయి సుగ్రమ్మా. ఉగాదికి ఇంకా తొమ్మిది వారాలు. ఎంత ఈడ్చినా సాలదు."

"పోతే ఏమవతాది సార్?" అని అడిగాను, తెలిసే.

"ఏమీ కాదమ్మా. నేను ఇంటి కాడ ఉంటా. ఈ వయసులో నాకు ఇంకొక ఇమానం ఎవరిస్తారు?" అని, సంతలో ఆవును అమ్ముకునేవాడు ఆఖరిసారి తడిమినట్టు రెక్కను తడిమి, సైకిలెక్కి పోయాడు. మైదానం దాటేలోపల రెండుసార్లు దిగి వెనక్కి చూశాడు.

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇంతమంది మగవాళ్లు సీట్లు పీకారు, తివాచీలు పీకారు, అన్నం మానుకున్నారు, ఒక్కడికైనా తెలిసిన సంగతి తట్టదే? మా ఇళ్లల్లో బుడ్డిలో నూనె పోసే ముందు అడుగున చిటికెడు కల్లుప్పు వేస్తాం. ఉప్పు వేస్తే నూనె నిదానంగా తాగుతుంది, మంట ఎగిరిపడదు. మా అమ్మ వేసేది, మునిలక్ష్మమ్మ వేస్తుంది, ఈ చుట్టుపక్కల వెయ్యని ఇల్లు లేదు. మరి ఇది పెద్ద బుడ్డి. సారే చెప్పాడు. ఇంటికి పోయి జాడీ కొంగు చాటున పెట్టుకుని వచ్చాను. ఏడు మూతలూ తిప్పి, ఒక్కో డ్రమ్ముకు ఒక్కో గుప్పెడు, బిస్మిల్లా అని వేశాను. ఎవరికీ చెప్పలేదు. ఉగాది నాటికి నూనె మిగిలితే అప్పుడు చెప్పి అందరి నోళ్లూ మూయించాలని నా ఆశ.

పది రోజులకు మద్రాసు ప్రయాణం పడింది. ట్యాంకులో పాత నూనె సగానికి పైగా ఉంది, మిగిలింది నింపాలి. ముందురోజు సాయంత్రం హనీఫ్ మొదటి డ్రమ్ము విప్పాడు. ఇంటికొచ్చాక కంచం ముందు కూర్చున్నాడు కానీ ముద్ద ఎత్తలేదు.

"ఏం, కూరలో ఉప్పు సరిపోలేదా?" అన్నాను.

"డ్రమ్ములో సరిపోయింది" అన్నాడు.

ఇంట్లో మా మాట ఉర్దూ. ఆ రోజు ఆయన తిట్టినవి తెలుగులో రాసినా బాగుండవు. కోపం దిగాక తల పట్టుకుని చెప్పాడు. తోలు మీద తెల్లటి పలుకులు కనిపించాయట, నాలుక మీద పెట్టుకుని చూశాడట. నూనెలో ఉప్పు కరగదు, కానీ అడుగున చుక్క నీళ్లున్నా అందులో కరిగి చేరుతుంది. ఇంజిన్ లోపలి ఇనుమును తినేస్తుంది, ఎక్కడ అడ్డం పడుతుందో తెలియదు.

"నోరు మూసుకుని ఉండు. రెండుసార్లు వడగడతాను. సారుకు చెబితే ఏడు డ్రమ్ములూ పారబోయమంటాడు. పారబోస్తే విమానం పోతుంది."

"వడగడితే ఉప్పంతా పోతుందా?"

"చాలావరకు పోతుంది."

ఆ 'చాలావరకు' నన్ను నిద్రపోనివ్వలేదు. చెబితే సారు ఇంక జన్మలో ఎగరడు. చెప్పకపోతే ఆ మిగిలిన కొంచెం ఉప్పుతో ఎగురుతాడు. రెండూ నా గుప్పిట్లోంచి పడ్డవే.

తెల్లవారింది. డ్రమ్మును దొర్లించుకుంటూ హనీఫ్ విమానం వైపు వస్తున్నాడు. సారు ఇస్త్రీ చొక్కాలో, గడ్డం గీసుకుని, నవ్వుతూ నిలబడి ఉన్నాడు. నేను పోయి డ్రమ్ముకూ విమానానికీ మధ్య చీపురు అడ్డం పెట్టి నిలబడ్డాను.

"ఏమ్మా, గులకరాయి కనపడినాదా?" అన్నాడు సారు.

"రాయి కాదు సార్. ఉప్పు."

అంతా చెప్పేశాను. హనీఫ్ తల దించుకున్నాడు. సారు డ్రమ్ము మూత తీయించి, అడుగు నూనె సీసాలోకి తీయించి, ఎండకు పట్టి చాలాసేపు చూశాడు.

"యాల ఏసినావమ్మా?" ఎందుకని గట్టిగా కూడా అడగలేదు.

"మీరే బుడ్డీ అంటిరి కదా సార్."

ఆయన ఆ డ్రమ్ము మీదే కూర్చుండిపోయాడు. "పెట్రోమాక్సు అనింటే?"

"పెట్రోమాక్సులో ఎవురైనా ఉప్పేస్తారా సార్? పిన్ను మూసుకపోదూ! ఆ మాత్రం తెలీనిదాన్నా?"

సారు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్లల్లో నీళ్లు వచ్చాయి, ఆ తర్వాత నీళ్లే మిగిలాయి. "అయితే తప్పు నాది. అడిగినప్పుడు సరిగ్గా సెప్పింటే అయిపోయుండు" అన్నాడు.

"వడగడితే సాలావరకు పోతాది సార్" అన్నాడు హనీఫ్.

"సాలావరకు అనేది నేల మీద మాట హనీఫ్. పైన సెల్లదు."

మధ్యాహ్నం గంగులప్ప వచ్చాడు. డ్రమ్ముల్లో నీళ్లు చేరాయని, చూసుకోవలసింది తానేనని సారు మొదలుపెట్టాడు. నా తప్పును ఇంకొకరు మోస్తుంటే నేను ఊరుకోగలనా? "ఉప్పేసింది నేనప్పా" అని ముందుకొచ్చాను. గంగులప్ప నన్ను ఎగాదిగా చూశాడు. తిడతాడనుకున్నాను.

"మా అమ్మా ఏస్తాదిలే బుడ్డీలో" అన్నాడు. తర్వాత సారు వైపు తిరిగి, "ఇంకొక డ్రమ్ము అడగతావా జయరత్నం?" అన్నాడు. అడిగితే ఇచ్చేవాడేమోనని నాకిప్పటికీ అనుమానం. ఆ గొంతు అట్లా ఉంది.

"మాటంటే మాటేనప్పా. అడగను" అన్నాడు సారు.

ఆ నూనెను ఊళ్లకు పంచేయమన్నాడు గంగులప్ప. చుట్టుపక్కల పల్లెల నుంచీ మా వీధి నుంచీ జనం సీసాలు పట్టుకుని వచ్చారు. హనీఫ్ వాళ్లకు కూడా తోలులో వడగట్టే పోశాడు, ఇంటికి ఆరు సీసాలు. మూడో రోజుకు షెడ్డు ఖాళీ.

బొంబాయి వాళ్లు విమానం బేరం తేల్చేసరికి రెండు నెలలు పట్టింది. ఉగాది కూడా దాటిపోయింది. ఏప్రిల్‌లో బెంగుళూరు తెచ్చి అప్పగించమన్నారు. ముందురోజు సారు మా ఇంటికి వచ్చాడు.

"సుగ్రమ్మా, రేపు నువ్వు నాతో వస్తావా?"

"నేనెక్కితే బరువు కదా సార్?"

"రేపు బరువు లెక్కలేదమ్మా."

నన్ను వెనక్కి తీసుకురావడానికి హనీఫ్ మర్నాడు పొద్దున్నే బస్సులో బెంగుళూరు పోయాడు. విమానంలో చోటుంది రమ్మన్నాడు సారు. హనీఫే బస్సు మేలన్నాడు. భయం కాదని ఈ రోజుకీ ఒట్టేసి చెబుతాడు.

ఆ సాయంత్రం బాటంతా నేనొక్కదాన్నే ఊడ్చి, చీపురు మునిలక్ష్మమ్మ చేతికిచ్చి ఎక్కాను. ఇన్నేళ్లు ఊడ్చిన బాట నా కింద గిర్రున వెనక్కి పోయింది. బాట చివర ఆకాశంలోకి నిజంగానే పోయాను. సీటు అంచులు రెండు చేతులా పట్టుకున్నాను, అయినా నోరు నవ్వుతూనే ఉంది.

బెంగుళూరు పడమట ఉంటే సారు దక్షిణానికి తిప్పాడు. పాత నూనె ట్యాంకులో ఉన్నంతా ఖర్చు పెట్టేద్దాం అన్నాడు. చుక్క చుక్క మిగిల్చిన మనిషి ఆ రోజు చేతులారా పారబోశాడు. వెంకటగిరికోట దాటి కుప్పం మీద ఒక చుట్టు కాదు, మూడు చుట్లు తిప్పాడు. మిద్దె మీద ముసలామె తెల్లకొంగు ఊపుతోంది. ఆమె పక్కన గంగులప్ప, చెయ్యి ఎత్తలేదు, తల మాత్రం మాతోపాటు తిరుగుతోంది. అక్కడి నుంచి మళ్లీ ఉత్తరానికి, పొద్దు గుంకుతుండగా మదనపల్లెకు. మిషన్ కాంపౌండులో సారా వాకిట్లో నిలబడి ఉంది, ఆమె నీడ ఆమెకన్నా నాలుగింతలు పొడుగు. కొండలన్నీ నీలంగా కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. నాకు కాలం తెలియలేదు.

పుంగనూరు మీదికి వచ్చేసరికి మసక పడింది. కరెంటు కోత. ఊరుందో లేదో తెలియనట్టు కిందంతా ఒకటే బూడిదరంగు. సారు కుడిచేత్తో పిడిని వెనక్కి లాగాడు. ఇంజిన్ నోరు మూసుకుంది, గాలి చప్పుడొకటే మిగిలింది.

"ఈడ నుంచి కొంచేపు నూనె వద్దమ్మా మనకు" అన్నాడు.

జారుతూ జారుతూ కిందికి వచ్చాం. అప్పుడు కనపడ్డాయి. ఒక గడప దగ్గర ఒకటి, ఇంకో అరుగు మీద ఒకటి, పల్లె తర్వాత పల్లె, మా వీధి పొడుగునా. పసుపుపచ్చటి చిన్న చిన్న బుడ్లు. రేషను నూనె ఊళ్లో అయిపోయి పదిహేను రోజులైందని నాకు తెలుసు. అవి వెలుగుతున్నది ఏ నూనెతోనో కూడా తెలుసు.

"సార్, ఉప్పేస్తే నూనె తక్కువ తాగేది అబద్ధమా?"

ఆయన నా వైపు రెక్కను వంచి కిందికి చూపించాడు.

"సూడు, రెండు నెలలాయె. ఇంకా ఎలగతాండాయి" అన్నాడు.

ఆ మాటకు నా గుండెలో రాయి తీసేసినట్టయింది. మళ్లీ పిడి ముందుకు తోశాడు, బుడ్డి గొంతెత్తింది, ఆ దీపాలు వెనకబడిపోయాయి. బెంగుళూరులో ఎవరో ఇద్దరు వచ్చి కాగితాలు రాయించుకున్నారు. సారు రెక్కను తడమలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. సంతకం చేసి, పెన్ను వాళ్లకిచ్చేసి మాతో వచ్చేశాడు.

మర్నాడు పొద్దున ముగ్గురం పుంగనూరు బస్సెక్కాం. సారు కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాడు. ముళబాగిలు దాటాక దిగుడు దారి వచ్చింది. డీజిలు మిగుల్తుందని డ్రైవరు గేరు తీసేసి ఇంజిన్ ఆపేశాడు, బస్సు చప్పుడు లేకుండా జారడం మొదలుపెట్టింది. నిద్రలోనే సారు కుడిచెయ్యి లేచి, లేని పిడిని పట్టుకుని మెల్లగా వెనక్కి లాగింది. ముఖం మీద చిన్న నవ్వు. ఎంత ఎత్తులో ఉన్నాడో ఏమో.

బస్సు ఏదో గుంతలో పడి ఎగిరింది. సారు కళ్లు తెరిచి కిటికీలోంచి చూశాడు. మట్టి, కంచె, మేకలు, అన్నీ చెయ్యి చాపితే అందేంత దగ్గర. కాసేపు అట్లాగే చూసి, కిటికీ తలుపు కిందికి దించేశాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.